పైసా పెట్టకపోయినా అప్పు మీ మెడకు చుట్టుకోవచ్చు

ప్రశ్న: చాలాకాలం ప్రొఫెషనల్ ఆటగాడిగా ఉండి ఈమధ్యే రిటైరయ్యాను. నా పేరుతో క్రీడా సామగ్రి వ్యాపారం పెడదామని స్నేహితుడు అంటున్నాడు. డబ్బంతా తనదే, నా పేరు, ఫొటో చాలట. లాభంలో నాలుగో వంతు నాకు, నష్టంతో నాకు సంబంధం లేదని పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో రాసిస్తానంటున్నాడు. బ్యాంకు లోనుకు ష్యూరిటీ సంతకం కూడా పెట్టమంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ముందు ఆ ష్యూరిటీ సంతకం సంగతి. పెట్టకండి. కాంట్రాక్టు చట్టం (1872) సెక్షన్ 128 ప్రకారం, ఒప్పందంలో మరోలా ఉంటే తప్ప, అప్పు తీసుకున్నవారికి ఎంత బాధ్యతో హామీదారుకూ అంతే. ముందు మీ స్నేహితుడి ఆస్తి అమ్మించి, మిగిలిన బాకీకే మీ దగ్గరికి రావాలన్న నిబంధన బ్యాంకుకు లేదు. ఆడినన్నాళ్లూ కూడబెట్టిన ఇల్లు, డిపాజిట్ల మీదికి నేరుగా రావచ్చు. స్నేహం చెడుతుందని మొహమాటపడితే, లోను మొండిబాకీ అయ్యాక స్నేహం ఎలాగూ మిగలదు.

ఇక డీడ్. నష్టంతో మీకు సంబంధం లేదని రాసుకోవడం చట్టవిరుద్ధం కాదు. కానీ ఆ మాట మీ ఇద్దరి మధ్యే చెల్లుతుంది. సరుకు అరువిచ్చినవాళ్లను అది కట్టిపడేయదు. భాగస్వామ్య చట్టం (1932) సెక్షన్ 25 ప్రకారం, మీరు భాగస్వామిగా ఉన్నప్పుడు ఫర్మ్ చేసిన ప్రతి పనికీ మిగతావారితో కలిసీ, విడిగానూ మీరే బాధ్యులు. నాలుగో వంతు వాటా ఉన్నవారి నుంచి మొత్తం బాకీ వసూలు చేసుకోవచ్చు. తర్వాత మీరు స్నేహితుడి మీద దావా వేసుకోవాలి.

'అయితే భాగస్వామిగా ఉండను, ఊరికే పేరు వాడుకోనిస్తాను' అంటారేమో. అక్కడ సెక్షన్ 28 ఉంది. మీరు పార్ట్‌నర్ అని అతను చెప్పుకుంటుంటే తెలిసీ ఊరుకున్నారనుకోండి, ఆ మాట నమ్మి అప్పిచ్చినవారికి మీరు భాగస్వామితో సమానంగా జవాబుదారీ. పేరున్నవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే.

నా సలహా: మామూలు పార్ట్‌నర్‌షిప్ వద్దు. ఎల్‌ఎల్‌పీ (లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్, అంటే భాగస్వాముల బాధ్యతకు పరిమితి ఉండే సంస్థ; 2008 చట్టం) గానీ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ గానీ పెట్టించండి. మోసంలో పాలుపంచుకుంటేనో, సొంతంగా హామీ ఇస్తేనో తప్ప, సాధారణంగా మీ బాధ్యత మీరు ఒప్పుకున్న పెట్టుబడి దాటదు. మీ పేరును ట్రేడ్‌మార్క్‌గా మీ సొంతానికే రిజిస్టర్ చేయించుకోండి, కంపెనీ పేరిట వద్దు. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు ఉంటుంది, ఆపైన రెన్యూ చేసుకోవచ్చు. కంపెనీకి రాతపూర్వకంగా, గడువు పెట్టి, లైసెన్సు మాత్రమే ఇవ్వండి. ఏ సరుకు మీద వాడాలి, నాణ్యత తగ్గితే ఎప్పుడు రద్దు చేయవచ్చు, విడిపోతే ఎన్నాళ్లలో బోర్డులు, ప్రకటనలు తీసేయాలి అన్నవి అందులో ఉండాలి. రాయల్టీ, అంటే పేరు వాడుకున్నందుకు మీకిచ్చే సొమ్ము, లాభం మీద కాకుండా అమ్మకాల మీద అడగండి. లాభం లెక్కల్లో కనపడకుండా పోవడం తేలిక.

ఫొటో విషయంలోనూ జాగ్రత్త. తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించినవారికి వినియోగదారుల రక్షణ చట్టం (2019) సెక్షన్ 21 కింద 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఆ మాటలు నిజమో కాదో ముందే తగినంత విచారించి ఉంటే రక్షణ ఉంటుంది. కాబట్టి ఏ టెస్టు రిపోర్టు చూసి ఒప్పుకున్నారో ఆ కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

ఇప్పటికే డీడ్ మీద సంతకం చేసి ఉంటే, స్నేహితుడితో మాట్లాడి తప్పుకున్నంత మాత్రాన సరిపోదు. పబ్లిక్ నోటీసు ఇవ్వాలి. ఫర్మ్ రిజిస్టరై ఉంటే రిజిస్ట్రార్‌కు తెలియజేసి, అధికారిక గెజిట్‌లోనూ, ఆ జిల్లాలో చదివే ఒక స్థానిక భాషా పత్రికలోనూ వేయించాలి. అప్పటిదాకా జరిగిన బాకీలకు మీ బాధ్యత అలాగే ఉంటుంది. అందుకని తప్పుకునే రోజుకు ఉన్న అప్పుల జాబితా మీద అతని సంతకం తీసుకోండి.