కొర్రమట్ట మెట్లెక్కడం లేదు

బిడ్డా,

నీ వ్యాసం అందింది. రాత్రి చదివాను, పొద్దున్నే మళ్లీ చదివాను, ఇక ఆగలేక రాస్తున్నాను. మీ నాన్న పట్టుకొచ్చిన కొర్రమట్ట తడిగుడ్డ కింద రాత్రంతా బతికే ఉందనీ, తెల్లారి నువ్వు గుడ్డ తీస్తే నోరు తెరిచి గాలి మింగిందనీ రాశావు. అది బాగుంది. దాని పక్క వాక్యం చదివితేనే ఒళ్లు మండింది. "నేల మీదికి రావడానికి సిద్ధమవుతున్న చేప ఇది, పరిణామంలో మరో మెట్టు ఎక్కబోతోంది" అన్నావు.

ఎక్కడి మెట్టు? ఎవరు కట్టారు దాన్ని? చేప, కప్ప, బల్లి, కోతి, మనిషి అని వరసగా నిలబెట్టే బొమ్మ ఒకటి చిన్నప్పుడే మన బుర్రలోకి ఎక్కుతుంది, ఇక దిగదు. అసలు సంగతి విను. ఎముకలున్న చేపలు 40 కోట్ల ఏళ్లకు ముందే రెండు దారులు పట్టాయి. రెక్క మొదట్లో కండ, గట్టి ఎముక ఉన్నవి ఒక దారి. నేల మీద నడిచే జంతువులు, వాటితో మనమూ, ఆ దారిలోంచే వచ్చాం. నీళ్లలో మిగిలినవి లంగ్‌ఫిష్‌లు, సీలకాంత్‌లు, అన్నీ కలిపి 8 జాతులు. రెండో దారి రే ఫిన్ చేపలది. వీటి రెక్క విసనకర్రలా సన్నటి పుల్లల మీద విచ్చుకుంటుంది. ఈ రోజు వాటి జాతులు 30 వేలు దాటాయి, వెన్నెముక ఉన్న జంతువుల్లో దాదాపు సగం అవే. కొర్రమట్ట ఈ రెండో దారిది. అది మన వెనకాల ఎక్కడా ఆగిపోలేదు, తన దారిలో తాను చాలా దూరం వచ్చింది.

గాలి పీల్చడం సంగతి ఇంకా చిత్రం. చేప కడుపులో ఉండే గాలి తిత్తే ఊపిరితిత్తిగా మారిందని 1859లో డార్విన్ అంతటివాడు అనుకున్నాడు, కానీ ఇప్పుడు తేలింది దానికి తలకిందులు. ఊపిరితిత్తే ముందు, రెండు దారులు విడిపోకముందే ఉంది. ఆఫ్రికా నదుల్లోని బిచిర్ రే ఫిన్ చేపే, దానికి ఇప్పటికీ జత ఊపిరితిత్తులున్నాయి. తర్వాత వచ్చిన చాలా చేపల్లో అదే తిత్తి అయింది, కావలసిన లోతులో నిలబడడానికి పనికొచ్చింది. బొచ్చె, జెల్ల, వాలుగల్లో ఆ తిత్తికీ లోపలి చెవికీ మధ్య చిన్న చిన్న ఎముకలు కలుపుతూ ఏర్పడ్డాయి, వాటిని వెబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1820లో వివరించాడు. అంటే ఒకప్పుడు ఊపిరి పీల్చిన అవయవం చివరికి వినడానికి సాయపడుతోంది! మరి మన కొర్రమట్ట? దాని పూర్వీకులు ఊపిరితిత్తిని ఎప్పుడో వదులుకున్నాయి. మళ్లీ గాలి అవసరం పడ్డప్పుడు ఆ పాతది తిరిగి రాలేదు, మొప్పల పైన కొత్తగా ఒక అర ఏర్పడింది. నువ్వు చూసిన ఆ గుక్కెడు గాలి పోయింది అందులోకే. ఇంత కథ మీ ఇంట్లో తడిగుడ్డ కింద ఉంటే మెట్లెందుకు నీకు?

ఇంకో కోపం కూడా ఉంది. మహారాష్ట్రలోని మన సిరొంచ తాలూకాలో పుట్టిన పిల్లవి, వ్యాసం నిండా ఎక్కడెక్కడి శిలాజాలో పెట్టి, ఇక్కడి కోట అనే ఊరి పేరు ఒక్కసారి ఎత్తలేదు. ప్రాణహిత ఒడ్డున ఆ ఊరి సున్నపురాతిలో దొరికిన జురాసిక్ కాలపు చేపకు 1851లోనే లెపిడోటీస్ డెక్కనెన్సిస్ అని పేరు పెట్టారు. పలకల్లాంటి మందపాటి పొలుసులు, పైన మెరిసే పూత. దాని చుట్టాలైన గార్ చేపలు ఇప్పుడు ఉత్తర, మధ్య అమెరికాల్లోనూ క్యూబాలోనూ తప్ప ఎక్కడా లేవు. మన నదిలో వల వేస్తే పడేవి వేరే వంశాలవి.

ఆ చేపల మీద తెలుగు పత్రికలకు నేనూ రాశాను. వంతెన లేని రోజులు, మహారాష్ట్ర పోస్టు ముద్ర చూస్తే విప్పకుండానే పక్కన పెడతారేమోనని పడవెక్కి నది దాటి కాళేశ్వరంలో పోస్టు చేసేవాణ్ని. ఒక సంపాదకుడు వేసుకున్నాడు గానీ, చేపలను రెండు వాక్యాలకు కోసేసి పైన పెద్ద డైనోసార్ బొమ్మ పెట్టాడు. బరపసారస్ అనే డైనోసార్ కూడా ఆ కోట రాళ్లలోదే, కాదనను. కానీ నేను రాసింది దాని గురించి కాదు కదా! ఇంకొకాయన మత్స్యావతారంతో మొదలుపెట్టి తిరగరాయమన్నాడు. రాయలేదు, అచ్చు కాలేదు. మరాఠీ బడిలో చదివి, అమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకున్నవాణ్ని, మీ తెలుగులో మరాఠీ వాసన వస్తోందని ఉత్తరాలు వచ్చేవి. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. ఇప్పటి ఫ్యాషన్ ఇంకోటి, ప్రతి సైన్సు వ్యాసమూ "మీకు తెలుసా" అని మొదలై "ప్రకృతి అద్భుతం" అని ముగియాలి. నీదీ అలాగే ముగిసింది. కొట్టేశాను.

జన్యువులన్నీ ఒకసారి రెట్టింపవడం వల్లే చేపల్లో ఇన్ని జాతులు పుట్టాయని తేల్చేశావు, అది తొందరపాటు. రెట్టింపైన మాట నిజమే, 30 కోట్ల ఏళ్లకు ముందు. శరీరానికి ముందూ వెనకా తీర్చే హాక్స్ జన్యువుల గుంపులు మనకు 4 ఉంటే జీబ్రాఫిష్‌కు 7. కానీ జాతులు విరివిగా పెరిగింది చాలా కోట్ల ఏళ్ల తర్వాత. 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లతో పాటు పెద్ద వేట చేపలు కూడా పోయాక ముళ్ల రెక్కల చేపలకు చోటు దొరికింది, కొర్రమట్ట ఆ ముళ్ల రెక్కల వంశానిదే. స్టర్జన్ అనే రే ఫిన్ చేపల్లోనూ జన్యువులు విడిగా రెట్టింపయ్యాయి, వాటి జాతులు చూస్తే 30 లోపే. ఒక్క కారణంతో ముగించకు.

పుస్తకం వేసుకోవాలా, కలం పేరు పెట్టుకోవాలా, హైదరాబాద్ వెళ్లిపోవాలా అని అడిగావు. వాటి గురించి ఇప్పుడు రాయను.

కొర్రమట్టను పైకి రానీయకుండా నీళ్లలోనే ఆపితే ఊపిరాడక చచ్చిపోతుంది. మునిగిపోయిన వలలో అలా చచ్చినవి మీ నాన్న చూసే ఉంటాడు. ఎంతసేపటికి చస్తాయో, ఏ కాలంలో ఎక్కువగా పైకి వస్తాయో అడుగు, ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాయి. సైన్సు పేర్లు తర్వాత కూర్చుని పెడదాం. దీపావళి లోపు పంపితే మంచిది, ఆ తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది, కొన్నాళ్లు చదవనివ్వరు.