2 కొడితే 3వ కెమెరా తిరుగుతోందా? ముందు ఇది చూడు

తమ్ముడూ, నువ్వు అడిగినవి రెండు. పర్లాకిమిడిలో కొత్తగా చేరిన సీసీ కెమెరాల కంట్రోల్ రూమ్‌లో కీబోర్డు మీద 2 కొడితే 3వ కెమెరా ఎందుకు తిరుగుతోంది, జాయ్‌స్టిక్‌తో మనిషి వెంట వెళ్లబోతే బొమ్మ ఎందుకు దాటిపోతోంది అని. నేను బరంపురంలో ఒక మార్కెట్ కాంప్లెక్స్‌లో చాలా ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను, చూసింది చెబుతాను.

మొదటిదానికి కీబోర్డు పాడైందని అనుకోవద్దు. 1 నుంచి వరసగా ఒక్కో నంబర్ కొట్టి, ఏ కెమెరా కదిలిందో కాగితం మీద రాసుకో. 2కి 3, 3కి 2 కదిలితే రికార్డర్ వెనక వీడియో కేబుళ్లు తారుమారయ్యాయి, అంతే. అలా కాకుండా 1కి 2, 2కి 3, 3కి 4 అని అన్నీ ఒకటి జరిగి, 1వ కెమెరా ఏ నంబరుకీ పలకకపోతే అది ప్రోటోకాల్ గొడవ, అంటే కీబోర్డు, కెమెరా మాట్లాడుకునే భాషలో తేడా. పెల్కో-పి, పెల్కో-డి అలాంటి భాషలే. పెల్కో-పిలో కెమెరా అడ్రస్ సున్నా నుంచి లెక్క, పెల్కో-డిలో ఒకటి నుంచి. కీబోర్డు ఒక లెక్కలో పంపి, కెమెరా ఇంకో లెక్కలో అర్థం చేసుకుంటే ఇలాగే అవుతుంది. రెండు వైపులా పెల్కో-డి పెట్టించి, బాడ్ రేట్ (ఆదేశాలు వెళ్లే వేగం) కూడా రెండు చోట్లా ఒకటే ఉండేలా చూడు, 2400 అయితే 2400, 9600 అయితే 9600. ఒకే నంబరుకి రెండు కెమెరాలు కలిసి తిరిగితే మాత్రం ఎవరో రెండింటికీ ఒకే అడ్రస్ ఇచ్చారు. పాత డోముల్లో (గుమ్మటంలా ఉండే తిరిగే కెమెరాల్లో) అది లోపలి చిన్న డిప్ స్విచ్‌ల మీద ఉంటుంది, విలువలు 1, 2, 4, 8 అలా పెరుగుతాయి, 3 కావాలంటే మొదటి రెండు ఆన్ చేయాలి. నిచ్చెన ఎక్కే పని టెక్నీషియన్‌కే వదిలెయ్, నువ్వు ఆ కాగితం చేతికిస్తే అతనికి సగం పని తగ్గుతుంది.

జాయ్‌స్టిక్ వదిలేసినా కెమెరా తిరుగుతూనే ఉంటే అది నీ చేతి తప్పు కాదు. ఈ పద్ధతిలో కదలమని ఒక ఆదేశం, ఆగమని ఇంకో ఆదేశం వెళ్తాయి. ఆర్‌ఎస్-485 తీగలో (కీబోర్డు ఆదేశాలు కెమెరాలకి మోసే తీగ) అలజడి ఉండి ఆ రెండోది దారిలో పోతే కెమెరాకి ఆగమన్న సంగతే తెలియదు. తీగ ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకి వరసగా వెళ్లాలి, ఒక్క చోట నుంచి కొమ్మల్లా చీలకూడదు. చివరి కెమెరా దగ్గర 120 ఓమ్‌ల టెర్మినేషన్ (తీగ చివర పెట్టే రెసిస్టర్) ఉందో లేదో అడుగు. కరెంటు పోయి వచ్చినప్పుడు డోము తనంతట తాను ఒక చుట్టు తిరిగి చూసుకుంటుంది, అది అయ్యేదాకా జాయ్‌స్టిక్ ముట్టుకోవద్దు.

ఇక అసలు విషయం. కొత్తగా వచ్చినవాళ్లంతా జాయ్‌స్టిక్ నేర్చుకోవాలని తాపత్రయపడతారు, నేర్చుకోవాల్సింది ప్రీసెట్లు, అంటే కెమెరా చూడాల్సిన చోట్లని ముందే ఒక్కో నంబరు మీద దాచి పెట్టుకోవడం. మా ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది, రాత్రుళ్లు వేషాలు వేసుకున్నవాళ్లు, పిల్లల్ని భుజాన ఎత్తుకున్నవాళ్లు, వీధి కనిపించదు. అంత జనంలో పిల్లవాడు తప్పిపోయాడని వాకీటాకీలో చెబితే, జూమ్ చేసి పుల్ల తిప్పుతూ వెతికితే దొరకడు. జూమ్ పెరిగేకొద్దీ చిటికెన వేలంత కదలికకే బొమ్మ వీధి దాటుతుంది, పైగా నెట్‌వర్క్ కెమెరా అయితే తెర మీద బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి మనిషి నడిచే వైపు ముందే ఆగి, అతన్ని ఫ్రేములోకి రానివ్వాలి. అంతకంటే ముందు 4 కొట్టి కాల్ నొక్కితే గేటు, 5 కొడితే మెట్లు, 6 కొడితే చెప్పుల స్టాండు, అలా ఒక్కో చోటూ ఒక్క సెకనులో చూడగలగాలి. మీ సూపర్‌వైజర్‌కి ఒడియా తప్ప రాదన్నావు కదా, ఆ ఇబ్బందీ ఇక్కడే తీరుతుంది. "మూడో కెమెరా, అయిదో ప్రీసెట్" అనడానికి ఒడియాలో నంబర్లు వస్తే చాలు.

ఒక్క జాగ్రత్త. చాలా కీబోర్డుల్లో కాల్ అంటే ఆ చోటుకి వెళ్లడం, సెట్ అంటే ఇప్పుడు చూస్తున్న చోటుని ఆ నంబరు మీద రాసేయడం. హడావుడిలో సెట్ నొక్కితే పాత చోటు పోయినట్టే, అందుకే ప్రీసెట్ల పట్టిక కీబోర్డు పక్కనే అంటించి ఉంచు. 30 దాటిన నంబర్లకి చోట్లు ఇవ్వకు. చాలా డోముల్లో 33 అంటే వెనక్కి తిరగడం, 34 అంటే సున్నా స్థానానికి పోవడం, 95 అంటే మెనూ తెరుచుకోవడం. తెర మీద ఉన్నట్టుండి మెనూ వచ్చిందని టెన్షన్ పడేవాళ్లలో ఎక్కువమంది 95 కొట్టినవాళ్లే.

షిఫ్టు దిగేటప్పుడు ప్రతి కెమెరానీ దాని అసలు చోటుకి పంపి దిగు. గోడని చూస్తూ వదిలేసిన కెమెరా ఆ రాత్రంతా గోడనే రికార్డు చేస్తుంది, దొంగతనం జరిగాక ఎవరూ ఏమీ చేయలేరు. ఎదురింటి కిటికీలు ఫ్రేములో పడుతుంటే ప్రైవసీ మాస్క్ (బొమ్మలో ఆ భాగాన్ని కప్పేసే ఏర్పాటు) పెట్టించమని గట్టిగా అడుగు, కొత్తవాడినని మొహమాటపడకు, అది ఆ ఇంటివాళ్ల హక్కు.

ముందు ఆ నంబర్ల కాగితం రాసి, 1 కొడితే ఏది కదిలిందో ఇక్కడ చెప్పు. కీబోర్డు వెనక స్టిక్కర్ మీద మోడల్ పేరు కూడా రాస్తే ప్రోటోకాల్ ఏ మెనూలో మారుతుందో చూసి చెబుతాను.