చిగురు జారిందని బ్రష్ పెట్టడం మానేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. పై వరుసలో ఎడమ కోరపన్ను, దాని వెనక పన్ను దగ్గర చిగురు పైకి జరిగిపోయి, పన్ను పొడుగ్గా కనిపిస్తోంది. ఆ భాగం కాస్త పసుపు రంగులో ఉంది. చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమంటోంది. నాలుగు నెలల కిందట స్కేలింగ్ (పళ్ల క్లీనింగ్) చేయించుకున్నాను. ఆ తర్వాత కింది ముందు పళ్ల మధ్య కూడా సందులు కనిపిస్తున్నాయి. క్లీనింగ్ వల్లే ఇలా అయిందని ఇంట్లో అంటున్నారు. భయంతో ఆ పళ్ల దగ్గర బ్రష్ పెట్టడం మానేశాను. ఏదైనా జెల్ రాస్తే చిగురు మళ్లీ పెరుగుతుందా? ఇంకా జారకుండా ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘బ్రష్ పెట్టడం మానేశాను’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మిగతావన్నీ నిదానంగా చూసుకోవచ్చు. బ్రష్ మాత్రం ఈ రాత్రి నుంచే మళ్లీ మొదలుపెట్టండి. ఎలా పెట్టాలో చెబుతాను.

నాకూ సరిగ్గా ఆ ఎడమ కోరపన్ను మీదే చిగురు జారింది. డెంటల్ కాలేజీలో చేరకముందు హార్డ్ బ్రష్‌తో బరబరా తోమితేనే పళ్లు శుభ్రపడతాయని నమ్మేదాన్ని. నాది కుడిచేతి వాటం. బ్రష్ నోట్లో పెట్టగానే ముందు ఎడమ పక్కకే పోయేది, చేతిలో బలమంతా అక్కడే పడేది. మొదటిసారి కొలిచినప్పుడు 2 మిల్లీమీటర్లు. ఇరవై ఏళ్లు దాటింది, ఏటా తోటి డాక్టరు చేత కొలిపించుకుంటూనే ఉన్నాను. ఈ రోజుకీ అది 2 మిల్లీమీటర్లే. పోయిన చిగురు తిరిగి రాలేదు, ఉన్నది పోలేదు. మీరు కూడా పెట్టుకోవలసిన లక్ష్యం అదే.

జెల్ సంగతి ముందే చెప్పేస్తాను. జారిన చిగురును మళ్లీ పెంచే జెల్ గానీ, నూనె గానీ, పేస్టు గానీ లేదు. వాపు తగ్గించేవి ఉన్నాయి, జివ్వుమనడాన్ని తగ్గించేవి ఉన్నాయి. అట్ట మీద ఏం రాసి ఉన్నా వాటి పని అంతవరకే.

చిగుళ్లు జారడానికి ప్రధానంగా రెండు దారులు. ఒకటి, రుద్దుడు ఎక్కువై అరిగిపోవడం. రెండోది, పాచి పేరుకుని, అది గట్టిపడి గారగా మారి, చిగురు కింద ఇన్ఫెక్షన్ వచ్చి, పన్నును పట్టుకున్న ఎముక తగ్గిపోవడం. అద్దంలో చూస్తే రెండూ ఒకేలా అనిపిస్తాయి. చేయవలసింది మాత్రం ఒకదానికొకటి ఎదురు. మొదటివాళ్లు చెయ్యి తేలిక చేయాలి, రెండోవాళ్లు శుభ్రం పెంచాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. రుద్ది అరగదీసుకున్నవాళ్లు ఇంకా గట్టిగా రుద్దుతారు, రక్తం వస్తున్నవాళ్లు భయపడి బ్రష్ తగ్గిస్తారు.

వెలుతురులో అద్దం ముందు నిలబడి చూసుకోండి. చిగురు లేత గులాబీ రంగులో బిగువుగా ఉండి, రక్తం రాకుండా, బయటి వైపు మాత్రమే జారి ఉంటే చాలావరకు బ్రష్ పనే. పంటి మొదట్లో చిన్న గాడి కూడా పడి ఉండొచ్చు. చిగురు ఎర్రగా ఉబ్బి, తాకితే రక్తం వచ్చి, పళ్ల మధ్య ఉండే త్రికోణపు చిగురు కూడా కుంగిపోయి ఉంటే ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి. కొందరికి పుట్టుకతోనే చిగురు పలుచన, కొందరికి పన్ను వరుస తప్పి బయటికి వచ్చి ఉంటుంది. అలాంటివాళ్లకు కొద్దిపాటి కారణం చాలు. నోరు చూడకుండా ఖాయంగా చెప్పకూడదు గానీ, మీరు రాసినదాన్ని బట్టి మీకు రెండూ ఉన్నట్టున్నాయి. పైన బ్రష్, కింద గార.

క్లీనింగ్ మీద నింద వేయకండి. కింది ముందు పళ్ల లోపలి వైపు లాలాజలం ఊరే చోటు, గార అక్కడే ఎక్కువగా కడుతుంది. పళ్ల సందుల్ని ఆ గారే పూడ్చి ఉంటుంది. దాని చుట్టూ చిగురు వాచి ఉంటుంది. గార తీసేస్తే సందు బయటపడుతుంది, వాపు దిగితే చిగురు కాస్త కుంచించుకుంటుంది. అంటే ఆ సందు స్కేలింగ్‌కి ముందే ఉంది, మీకు కనిపించలేదు, అంతే. ఈ మాట ముందుగానే చెప్పని డాక్టర్లది కూడా తప్పేనని నా అభిప్రాయం. చెప్పి ఉంటే మీరు ఇన్నాళ్లు టెన్షన్ పడేవారు కాదు.

బ్రష్ మానేస్తే ఏమవుతుందో 1965లోనే తేలింది. హరాల్డ్ లో (Löe) అనే శాస్త్రవేత్త, చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ల వాపు వచ్చింది. మళ్లీ తోమించగానే దాదాపు వారంలో తగ్గిపోయింది. మీరు మానేసి నెలలు అవుతోంది కాబట్టి మొదట కొంచెం రక్తం రావచ్చు. దాన్ని చూసి ఆగకండి. రోజూ శుభ్రం చేస్తూ ఉంటే ఒకటి రెండు వారాల్లో తగ్గాలి. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఇక చెయ్యి. సాఫ్ట్ లేదా ఎక్స్‌ట్రా సాఫ్ట్ బ్రష్ తీసుకోండి, తల చిన్నదిగా ఉండాలి. పిడికిలితో కాకుండా పెన్ను పట్టుకున్నట్టు వేళ్లతో పట్టుకోండి. అలా పట్టుకుంటే బలం పెట్టాలన్నా పెట్టలేరు. నా చెయ్యి మార్చింది ఈ ఒక్క చిట్కానే. బ్రష్ పోగుల్ని చిగురు అంచు వైపు సుమారు 45 డిగ్రీలు వాల్చి, ఉన్నచోటే చిన్నగా కదిలించి, తర్వాత చిగురు నుంచి పన్ను కొస వైపు తిప్పండి. పై పళ్లకు పైనుంచి కిందికి, కింది పళ్లకు కిందినుంచి పైకి. రంపం కోసినట్టు అడ్డంగా మాత్రం వద్దు. జారిన చోట చిగురు మీద గుచ్చకుండా పన్ను మీద ఆనించి మొదలుపెట్టండి. రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు. ఎడమ పక్కతో మొదలుపెట్టే అలవాటుంటే వెనక పళ్ల లోపలి వైపు నుంచి మొదలుపెట్టండి, కోరపన్ను దగ్గరికి వచ్చేసరికి చేతి ఊపు తగ్గుతుంది. బ్రష్‌ను మూడు నాలుగు నెలలకు మార్చాలి. పోగులు నెలకే విచ్చుకుపోతున్నాయంటే మీరింకా గట్టిగా తోముతున్నారన్నమాట.

సందులు కనిపించిన చోటికి మామూలు బ్రష్ చేరదు. పళ్ల సందుల్లో దూరే సన్నటి ఇంటర్‌డెంటల్ బ్రష్ రోజుకోసారి వాడండి. సైజు మీ డాక్టరు చేత చూపించుకోండి. బలవంతంగా తోస్తే తప్ప దూరకపోతే అది పెద్దదని అర్థం. బిగుతు సందులకు ఫ్లాస్ (పళ్ల మధ్య తోమే సన్నటి దారం) చాలు.

మీకు కనిపిస్తున్న పసుపు భాగం పంటి వేరు. దాని మీద ఎనామిల్ (పన్ను పైన ఉండే గట్టి పొర) ఉండదు. తల వెంట్రుక కంటే పలుచనైన పొర ఒకటి ఉంటుంది, అదీ త్వరగానే అరిగిపోతుంది. లోపలున్న సన్నటి గొట్టాల్లో ద్రవం కదిలినప్పుడల్లా నరం ఉలిక్కిపడుతుంది, జివ్వుమనేది అందుకే. పొటాషియం నైట్రేట్ గానీ స్టానస్ ఫ్లోరైడ్ గానీ ఉన్న సెన్సిటివిటీ పేస్టు వాడండి, కనీసం నాలుగు వారాలు ఓపిక పట్టాలి. తోమాక ఉమ్మేయండి, వెంటనే నీళ్లతో పుక్కిలించి ఫ్లోరైడ్ కడిగేయకండి. పళ్లు తెల్లబరిచే పొడులు, బొగ్గు పేస్టులు మీకు పనికిరావు, వేరును అవి గీకేస్తాయి. పుల్లటివి తిన్నా తాగినా అరగంట ఆగి తోమండి. పులుపును పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ఎనామిల్ పీహెచ్ 5.5 దగ్గర కరగడం మొదలైతే, వేరు అంతకంటే తక్కువ పులుపుకే, 6.2 నుంచి 6.7 మధ్యే కరుగుతుంది. వేరు మీద పిప్పి సులువుగా పట్టేది అందుకే.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ‘ఏం పర్లేదు’ అనే మాట తీసుకుని తిరిగి రాకండి, అంకెలు అడగండి. ప్రతి పంటికీ చిగురు ఎన్ని మిల్లీమీటర్లు జారింది, చిగురు కింద సందు లోతు ఎంత అని కొలిచి రాయమనండి. లోతు 3 మిల్లీమీటర్ల వరకు మామూలే. 4, అంతకు మించి ఉంటే ఇన్ఫెక్షన్‌కు చికిత్స అవసరమేమో చూడాలి. ఆరు నెలల తర్వాత అవే అంకెలు మళ్లీ తీయించండి. మధ్యలో ఫోన్‌తో ఒకే వెలుతురులో ఒక ఫొటో తీసి దాచుకోండి. రోజూ అద్దంలో చూసుకుంటే మాత్రం రోజూ జారినట్టే అనిపిస్తుంది.

అంకె పెరుగుతూ ఉన్నా, జివ్వుమనడం తగ్గకపోయినా, కనిపించే తీరు బాధపెడుతున్నా అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడవచ్చు. అంగిలి నుంచి పలుచటి కణజాలం తీసి జారిన చోట అతికిస్తారు. పళ్ల మధ్య ఎముక, చిగురు చెక్కుచెదరకుండా ఉంటే వేరు పూర్తిగా మూసుకునే అవకాశం బాగానే ఉంటుంది. మీ కోరపన్నుకు అది కుదరవచ్చు. కింది ముందు పళ్ల సందులు పూడటం కష్టం. చేయించుకున్నా చెయ్యి మారకపోతే అతికించిన చిగురూ జారుతుంది, కాబట్టి ముందు ఆరు నెలలు చెయ్యి మార్చి చూడండి.

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. ముప్పై ఏళ్లుగా సిగరెట్లు తాగుతారు. చిగుళ్లు బాగా జారాయి, కింది పళ్లు రెండు కదులుతున్నాయి. రక్తం మాత్రం ఎప్పుడూ రాదు, అందుకే డాక్టరు అవసరం లేదంటున్నారు. నిజమేనా?
- మరో పాఠకుడు

జవాబు: కాదు నాయనా, ఈ వారమే తీసుకెళ్లండి. పొగ వల్ల చిగుళ్లలో రక్తనాళాలు సన్నబడతాయి. లోపల ఎముక పోతున్నా రక్తం రాదు, అంటే హెచ్చరిక నొక్కేసినట్టవుతుంది. పన్ను కదులుతోందంటే ఎముక బాగా తగ్గి ఉండవచ్చు. ఎక్స్‌రే, చిగురు కింద సందుల లోతు కొలతలు, చిగురు కింద వరకు డీప్ క్లీనింగ్ అడగండి. షుగర్ పరీక్ష కూడా చేయించండి, షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగర్ అదుపు తప్పుతుంది. సిగరెట్ మానిపించడానికి డాక్టరు సాయం కూడా తీసుకోండి. మానేశాక కొన్నాళ్లు చిగుళ్ల నుంచి రక్తం కనిపించవచ్చు. అది రక్తప్రసరణ తిరిగి వస్తున్న గుర్తు అని, అప్పుడు బ్రష్ ఆపకూడదని నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి.