కొత్తవాడ జంపఖానాల వెబ్‌సైట్‌కు ఎవరూ రావడం లేదు, ఏ టూల్స్ వాడాలి?

మీరు అడిగింది ఇది: వరంగల్ కొత్తవాడలో మీ నాన్నగారు జంపఖానాలు నేయిస్తారు. నిరుడు వర్డ్‌ప్రెస్‌లో సైట్ చేయించారు. మీ ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ దాన్ని చూస్తున్నట్టు లేదు. ఇప్పుడు ఒక కంపెనీ ఫోన్ చేసి, నెలనెలా డబ్బు కడితే గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ అంటోంది. ఎర్ర గుర్తులతో ఒక రిపోర్టు కూడా పంపింది. కట్టాలా, లేక సొంతంగా చేసుకోగలమా?

కట్టకండి. మొదటి స్థానం గ్యారంటీ అని ఎవరూ ఇవ్వలేరని గూగులే తన సహాయ పేజీల్లో రాసి పెట్టింది. ఆ రిపోర్టులో మిమ్మల్ని భయపెట్టిన ‘డొమైన్ అథారిటీ’ అనేది మోజ్ అనే సంస్థ సొంతంగా వేసే మార్కు. గూగుల్ దాన్ని వాడదు. ‘మెటా కీవర్డ్స్ లేవు’ అని కూడా రాశారట. అది పేజీ కోడ్‌లో పైకి కనబడకుండా రాసే పదాల జాబితా. దాన్ని ర్యాంకింగ్‌కు లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఇప్పటికీ దాన్ని తప్పుగా చూపిస్తున్నారంటే ఆ రిపోర్టు మీ సైట్‌ను చదివి రాసింది కాదు.

నేను హనుమకొండలో కార్లు అద్దెకు నడుపుతాను. రామప్ప, లక్నవరం, జాతరప్పుడు మేడారం మా ముఖ్యమైన దారులు. మా సైట్‌ను కొన్నేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. కంప్యూటర్ చదువు చదవలేదు. కాబట్టి నాకు పనికొచ్చినవే చెప్తాను.

టూల్స్ కన్నా ముందు ఒకటి చూడండి. డొమైన్, అంటే మీ సైట్ అడ్రస్ పేరు, ఎవరి పేరు మీద ఉంది? హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉండే సర్వర్) లాగిన్ ఎవరి దగ్గర ఉంది? మాకు సైట్ చేసినవాళ్లు డొమైన్‌ను వాళ్ల ఖాతాలోనే కొన్నారు. రెన్యువల్ సమయానికి ఫోన్ ఎత్తడం మానేశారు. పేరు చేజారిపోతుందేమో అని ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను. చివరికి ట్రాన్స్‌ఫర్ కోడ్ తీసుకుని మా ఖాతాలోకి మార్చుకున్నాం. మీరు ఈ వారంలోనే ఆ పని చేయండి. ఖాతా మీ నాన్నగారి పేరు మీద, మీరు రోజూ తెరిచే ఈమెయిల్‌తో ఉండాలి. ఆటో రెన్యువల్ ఆన్‌లో పెట్టండి. పేరు మీ చేతిలో లేకపోతే కింద చెప్పేవన్నీ వేరేవాళ్ల స్థలంలో ఇల్లు కట్టినట్టే.

తర్వాత, గూగుల్‌కు మీ సైట్ ఉన్నట్టు తెలుసో లేదో చూడండి. గూగుల్‌లో ఇంగ్లిష్‌లో ‘సైట్’ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ అడ్రస్ రాయండి. ఏ పేజీ రాకపోతే వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో ‘రీడింగ్’ తెరవండి. అక్కడ సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే టిక్ ఒకటి ఉంటుంది. సైట్ తయారవుతున్నప్పుడు డెవలపర్లు దాన్ని పెడతారు, పని అయ్యాక తీయడం మర్చిపోతారు. ఏళ్ల తరబడి ఆ ఒక్క టిక్ వల్ల కనబడని సైట్లు ఉన్నాయి.

మన తెలుగువాళ్లకే ఉన్న ఇంకో చిక్కు ఫాంట్లు. చౌరస్తా చుట్టుపక్కల డీటీపీ సెంటర్లలో కరపత్రాలు ఎక్కువగా ‘అను’ అనే పాత రకం తెలుగు ఫాంట్లలో కొడతారు. ఆ మేటర్‌నే సైట్‌లో పెడితే మన కంటికి తెలుగులా కనిపించినా గూగుల్‌కు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలే అందుతాయి. కరపత్రాన్ని బొమ్మగా పెట్టినా దాదాపు అంతే, అక్షరాలుగా రాసిన పేజీకి ఉండే విలువ దానికి రాదు. పరీక్ష సులువే. మీ సైట్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు తెలుగుగా వస్తే యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే పద్ధతిలో ఉన్నట్టు, బాధ లేదు. పిచ్చి అక్షరాలు వచ్చినా, అసలు కాపీయే కాకపోయినా, మేటర్ మళ్లీ టైప్ చేయించండి.

ఇక అసలు టూల్. గూగుల్ సెర్చ్ కన్సోల్. ఉచితం. 2015 వరకు దీన్నే వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవారు, కాబట్టి పాత వీడియోల్లో ఆ పేరు వినబడితే తికమక పడకండి. డొమైన్ ఖాతాలో ఒక టెక్స్ట్ రికార్డు చేర్చితే సైట్ మీదేనని రుజువవుతుంది. ఓనర్‌గా మీరే ఉండండి, సాయం చేసేవాళ్లకు యూజర్‌గా మాత్రమే అనుమతి ఇవ్వండి. సైట్‌మ్యాప్ (మీ పేజీలన్నిటి జాబితా) లింకు ఇచ్చి రెండు మూడు వారాలు ఆగండి. మొదట్లో ఖాళీగానే ఉంటుంది, కంగారు పడొద్దు.

అందులో ‘పర్ఫార్మెన్స్’ అనే పేజీ ఉంటుంది. నా పని తీరును మార్చింది అదే. జనం గూగుల్‌లో ఏం అడిగితే మన పేజీ కనబడింది, ఎన్నిసార్లు కనబడింది, ఎంతమంది నొక్కారు అన్నది అక్కడ వరుసగా ఉంటుంది. మేం సైట్‌లో ‘టూర్ ప్యాకేజీలు’ అని పెద్దక్షరాల్లో పెట్టాం. జనం వెతికింది మాత్రం వేరే. రామప్ప నుంచి లక్నవరం ఎంత దూరం, పొద్దున పోతే రెండూ చూసి రాత్రికి హైదరాబాద్ చేరొచ్చా, హనుమకొండ నుంచి బస్సు ఉందా, చిన్నపిల్లలతో పోవచ్చా. 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చాక ఇలా అడిగేవాళ్లు మరీ పెరిగారు. ఫోన్‌లో కూడా ‘అన్నా, పొద్దున పోయి సాయంత్రానికి రావొచ్చా?’ అనే అడుగుతారు. అప్పుడు ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ రాశాను. బస్సు గురించి కూడా రాశాను. కార్ల వ్యాపారం పెట్టుకుని బస్సు దారి చెప్పడమేంటని ఇంట్లో అన్నారు. ఆ పేజీ చదివినవాళ్లే, మనిషి ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాడని నమ్మి కారుకు ఫోన్ చేశారు.

మీ విషయంలోనూ అదే చేయమంటాను. ‘మా గురించి’ అని మూడు తరాల చరిత్ర రాసుకోవడం మంచిదే, కానీ కొనేవాళ్లు వెతికేది అది కాదు. మీ నాన్నగారి వాట్సాప్ తెరిచి, ఏడాదిగా వచ్చిన ప్రశ్నలు చూడండి. పది బై పన్నెండు గదికి ఏ సైజు సరిపోతుంది, వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చా, రంగు దిగుతుందా, బెంగళూరుకు ఎన్ని రోజుల్లో వస్తుంది, ఫంక్షన్ హాలుకు ఎక్కువ మొత్తంలో తీసుకుంటే ధర ఎంత. ఇవే మీ పేజీలు. పేజీ టైటిల్‌లో ‘హోమ్’, ‘ప్రొడక్ట్స్’ లాంటి మాటలు తీసేసి, ఆ పేజీలో ఏముందో అదే రాయండి. తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి వేర్వేరు పేజీలు పెట్టండి. మీ సరుకు కొనేవాళ్లలో మన జిల్లా వాళ్ల కన్నా బయటివాళ్లు ఎక్కువ ఉండొచ్చు.

వరంగల్ డర్రీలకు, అంటే మన జంపఖానాలకు, 2018లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని చట్టం ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. దీని మీద తప్పకుండా ఒక పేజీ రాయండి. మరమగ్గం సరుకుకు, మీ చేతిమగ్గం సరుకుకు తేడా ఎలా పట్టాలో మగ్గం దగ్గర తీసిన ఫొటోలతో చూపండి. ఒక జాగ్రత్త: జీఐ గుర్తును సరుకు మీద, సైట్ మీద వాడాలంటే చట్టం ప్రకారం అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. మీ పేరో, మీ సొసైటీ పేరో ఉందా అని ముందు కనుక్కోండి.

సెర్చ్ కన్సోల్‌లో ఒక పరిమితి ఉంది, చాలామంది గమనించరు. 16 నెలల లెక్కలే ఉంటాయి, అంతకన్నా పాతవి పోతాయి. మేడారం జాతర రెండేళ్లకోసారి. 2024 ఫిబ్రవరి జాతరప్పుడు జనం ఏం వెతికారో 2026 జనవరి జాతరకు ముందు చూద్దామంటే అక్కడ ఉండదు. అందుకే జాతర అయిపోగానే ఎక్స్‌పోర్ట్ చేసి షీట్‌లో దాచుకుంటాం. మీకు పెళ్లిళ్ల సీజన్, ఎగ్జిబిషన్ల సీజన్ ఉంటాయి కదా, మీరూ ఏటా దాచుకోండి.

మ్యాప్‌లో కనబడటానికి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టండి. ఇదీ ఉచితమే. ఇప్పుడు తరచూ వీడియోతో ధ్రువీకరణ అడుగుతున్నారు. వీధి, బోర్డు, లోపల మగ్గాలు ఒకే వీడియోలో చూపిస్తే సరిపోతుంది. అందులోంచి ఉచిత వెబ్‌సైట్ చేసిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి, ఆ సౌకర్యాన్ని గూగుల్ 2024 మార్చిలో ఆపేసింది. రివ్యూ రాస్తే డిస్కౌంట్ అని మాత్రం పెట్టొద్దు, నిబంధనలకు విరుద్ధం. సరుకు నచ్చినవాళ్లను అడిగితే రాస్తారు. డబ్బిచ్చి లింకులు కొనడం కూడా నిబంధనలకు విరుద్ధమే. ఆ కంపెనీ ‘నెలకు ఇన్ని బ్యాక్‌లింకులు’ (వేరే సైట్ల నుంచి మీ సైట్‌కు లింకులు) అంటోంది చూడండి, నాకు అన్నిటికన్నా భయం వేసేది ఆ మాటకే. మీ దగ్గర కొన్న హోటల్‌వాళ్లు, మీరు స్టాల్ పెట్టిన ఎగ్జిబిషన్‌వాళ్లు వాళ్ల సైట్‌లో మీ పేరు, లింకు పెడితే అది అసలైన లింకు.

వేగం సంగతి క్లుప్తంగా: గూగుల్ వేగం కొలిచే పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ అడ్రస్ వేసి మొబైల్ ఫలితం చూడండి. పేజీలోని పెద్ద బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టుకున్న లెక్క. ఫోన్‌లో తీసిన ఫొటోలు ఒక్కోటి నాలుగైదు ఎంబీలు ఉంటాయి. వాటిని స్క్వూష్ అనే ఉచిత సైట్‌లో వెబ్‌పీ అనే తక్కువ సైజు రకంలోకి మార్చి ఎక్కించండి. చిన్న సైట్లలో నెమ్మదికి చాలావరకు ఫొటోలే కారణం.

సైట్‌కు వచ్చినవాళ్ల లెక్కలు చూపే గూగుల్ అనలిటిక్స్ పెట్టుకోవచ్చు కానీ మొదటి రోజే అవసరం లేదు. పెడితే కొత్త జీఏ4 వీడియోలే చూడండి, పాత రకం 2023 జులై నుంచి ఆగిపోయింది. దాని బదులు నేను ఇప్పటికీ వాడే చిట్కా ఒకటి చెప్తాను. ప్రతి పేజీలో వాట్సాప్ బటన్ పెట్టి, నొక్కగానే వచ్చే మెసేజ్‌ను పేజీని బట్టి మార్చండి. ఒక పేజీలో ‘ఫంక్షన్ హాలు జంపఖానాల గురించి’, ఇంకోదాంట్లో ‘ఎనిమిది అడుగుల సైజు గురించి’ అని. వచ్చిన మెసేజ్ చూడగానే ఏ పేజీ పని చేస్తోందో మీ నాన్నగారికి కూడా అర్థమవుతుంది.

బ్యాకప్‌కు (సైట్ కాపీకి) వర్డ్‌ప్రెస్‌కు జోడించే అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ ప్లగిన్ పెట్టి, కాపీ గూగుల్ డ్రైవ్‌కు పోయేలా చేయండి. కాపీ కూడా అదే హోస్టింగ్‌లో ఉంటే సర్వర్ పోయిన రోజు రెండూ పోతాయి.

ఇక ఖర్చు సంగతి. పైన చెప్పిన పనులకు డొమైన్, హోస్టింగ్ తప్ప వేరే ఖర్చు లేదు. ఆ కంపెనీకి నెలనెలా కట్టాలనుకున్న డబ్బులో ఒక నెలది మాత్రం పెట్టి, మంచి ఫొటోగ్రాఫర్‌తో ఎండ వెలుతురులో జంపఖానాల ఫొటోలు తీయించండి. పరిచినప్పుడు, మడిచినప్పుడు, అంచు దగ్గర నుంచి, పక్కన మనిషి నిలబడినప్పుడు. సైజు అందులోనే తెలిసిపోవాలి. సెర్చ్ కన్సోల్ కలిపాక మొదటి నెల వచ్చిన ప్రశ్నల జాబితా ఇక్కడ పెట్టండి, ఏ పేజీ ముందు రాయాలో కూర్చుని చూద్దాం.