ప్రాంతీయ మాల్ ఖాళీ కావడానికి ఆన్‌లైన్ కొనుగోళ్లే కారణమా?

ఒకప్పుడు కిటకిటలాడిన పెద్ద మాల్‌లో దుకాణాలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడటానికి ఆన్‌లైన్ కొనుగోళ్లే కారణమా, అది మళ్లీ కోలుకునే అవకాశం ఉందా అని మీరు అడిగారు. అటువంటి ఒక మాల్ నిర్వహణ కార్యాలయంలో అద్దెల లెక్కలు చూస్తూ నేను పదకొండేళ్లు పనిచేశాను. నేను చూసినంతలో ఆన్‌లైన్ వ్యాపారం చివర్లో వచ్చిన దెబ్బ. అంతకు ముందే మాల్‌ను లోపలి నుంచి గుల్ల చేసినవి అద్దె ఒప్పందాలు.

సుమారు 4 లక్షల నుంచి 8 లక్షల చదరపు అడుగుల విస్తీర్ణం, కనీసం రెండు యాంకర్ స్టోర్లు (జనాన్ని మాల్‌కు రప్పించే చాలా పెద్ద దుకాణాలు) ఉన్నదాన్ని ఈ రంగంలో ప్రాంతీయ మాల్ అంటారు. ఆ చివర ఒక యాంకర్‌ను, ఈ చివర మరొకదాన్ని నిలబెడితే, వాటి మధ్య నడిచే జనం దారిలోని చిన్న దుకాణాలకు గిరాకీ అవుతారు. 1956 అక్టోబరులో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఎడైనాలో ప్రారంభమైన సౌత్‌డేల్ సెంటర్‌లో వాస్తుశిల్పి విక్టర్ గ్రూయెన్ రెండు పోటీ డిపార్ట్‌మెంట్ స్టోర్లను ఒకే కప్పు కిందికి తెచ్చినప్పటి నుంచి ఈ నమూనా పెద్దగా మారలేదు. చుట్టూ ఇళ్లు, బడులు, ఆసుపత్రి కూడా రావాలని ఆయన ఆశించారు కానీ, చాలాచోట్ల కట్టినవి మాల్, దాని చుట్టూ పార్కింగ్ మాత్రమే.

బయటివారికి కనిపించని సంగతి ఏమిటంటే, జనాన్ని రప్పిస్తుందన్న కారణంతో యాంకర్‌కు చదరపు అడుగు అద్దె చాలా తక్కువగా ఉంటుంది. కొన్నిచోట్ల ఆ భవనమే దాని సొంతం. మాల్‌ను నిజంగా పోషించేవి నడవాలోని చిన్న దుకాణాలు. అయితే వాటిలో పేరున్న గొలుసు సంస్థలు ఒప్పందంలో ఒక షరతు రాయించుకుంటాయి: ఫలానా యాంకర్ మూతపడితే స్థిరమైన అద్దెకు బదులు అమ్మకాల్లో కొంత శాతం మాత్రమే కడతాం, నిర్ణీత గడువులోగా దాని స్థానంలో మరొకటి రాకపోతే ఖాళీ చేస్తాం అని. మా మాల్‌లో ఒక యాంకర్ వెళ్లిపోయిన మర్నాడు నేను పాత ఫైళ్లన్నీ తీసి చూస్తే, ఈ షరతు ఉన్న దుకాణాలు పద్నాలుగు తేలాయి. ఎస్కలేటర్లు, ఏసీ, కాపలా ఖర్చు మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. దాన్ని మిగిలినవారికి పంచాం. అంతవరకు ఓర్చుకున్న చిన్న వ్యాపారులు ఆ నిర్వహణ ఛార్జీల బిల్లు చూశాకే తాళాలు తెచ్చి మాకు అప్పగించారు. ఆ బిల్లులు తయారుచేసినవాణ్ణి నేనే కనుక ఇది కాస్త బాధతోనే రాస్తున్నాను.

నా పొరపాటు కూడా ఒకటి చెప్పాలి. నెలవారీ నివేదికలో సందర్శకుల మొత్తం సంఖ్య తగ్గలేదని ఏడాదిపాటు ధీమాగా రాస్తూ వచ్చాను. ద్వారాల వారీగా, వారంలోని రోజుల వారీగా విడదీసి చూసినప్పుడు తెలిసింది: శని, ఆదివారాల్లో సినిమాలకు వచ్చేవారు పెరిగి, మామూలు రోజుల్లో ఏదో ఒకటి కొనడానికే వచ్చేవారి లోటును కప్పిపుచ్చారు. యాంకర్ వైపు ద్వారం అప్పటికే దాదాపు నిర్మానుష్యం.

ఇంటర్నెట్ లేని రోజుల్లో కూడా మాల్స్ చచ్చిపోయాయి. ఇలినాయ్‌లోని హార్వీలో 1966లో తెరిచిన డిక్సీ స్క్వేర్ మాల్ 1978లోనే మూతపడింది. కొత్త భవనాల తరుగుదలను (ఏటా తగ్గే విలువను) తొలి ఏళ్లలోనే ఎక్కువగా చూపి పన్ను తగ్గించుకోవడానికి అమెరికా 1954లో పన్ను చట్టంలో వీలు కల్పించడంతో, పాతదాన్ని బాగుచేయడం కన్నా కొద్ది మైళ్ల దూరంలో కొత్తది కట్టడమే లాభసాటి అయింది; ఉన్న కొనుగోలుదారులనే మరిన్ని మాల్స్ పంచుకోవలసి వచ్చింది. ఆ తర్వాత 2018లో చాలా మాల్స్‌కు యాంకర్‌గా ఉన్న డిపార్ట్‌మెంట్ స్టోర్ సంస్థ సియర్స్ దివాలా రక్షణ కోరే నాటికి ఎన్నో మాల్స్‌లో ఒక చివర పూర్తిగా చీకటి. ఆన్‌లైన్ పాత్ర లేదని నేను అనడం లేదు: ఒహాయోలో 1976లో ఆర్భాటంగా తెరిచిన ర్యాండల్ పార్క్ మాల్‌ను కూల్చేసిన స్థలంలోనే ఇప్పుడు అమెజాన్ గిడ్డంగి నడుస్తోంది.

ఇక కోలుకోవడం గురించి. ఖాళీ అయిన యాంకర్ భవనం ఎవరి చేతిలో ఉందో ముందుగా కనుక్కోండి. అది వేరే యజమానిదైతే, గోడ పగలగొట్టాలన్నా, పార్కింగ్‌లో కొంత భాగం మరో పనికి వాడాలన్నా అందరి సమ్మతీ కావాలి. ఒక్కరు మొండికేస్తే ఏళ్లు గడిచిపోతాయి. అంతా ఒకరి చేతికి వస్తే దారి దొరుకుతుంది కానీ, అది తరచు దుకాణాల దారి కాదు. 1971లో మొదలైన ఆస్టిన్‌లోని హైలాండ్ మాల్ ఇప్పుడు కమ్యూనిటీ కళాశాల ప్రాంగణం. మా మాల్‌లోనూ మూడేళ్లు ఖాళీగా ఉన్న యాంకర్ భవనం చివరకు కార్యాలయాలకు వెళ్లింది. మధ్యాహ్నం వేళ భోజనశాలలు మళ్లీ నిండుతున్నాయి, కానీ బట్టల దుకాణాలు ఉన్న ఆ పొడవాటి నడవాలో సగం షట్టర్లు నేను ఉద్యోగం మానే రోజుకూ తెరుచుకోలేదు.