ఉద్యోగం మానేసి వీడియో గేమ్ చేస్తే గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. రుషికొండలో ఐటీ ఉద్యోగం, జీతం 52 వేలు. మధురవాడలో అద్దెకుంటున్నాను. స్నేహితుడితో కలిసి పీసీ గేమ్ తయారుచేస్తున్నాం. నా దగ్గర 6 లక్షలున్నాయి. గాజువాకలో ఉండే నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యారు, తన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి 10 లక్షలు ఇస్తానంటున్నారు. ఉద్యోగం మానేసి రెండేళ్లు దీనిమీదే కూర్చుంటే లాభం వస్తుందా?

జవాబు: వచ్చినవాళ్లున్నారు. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కష్టపడి చేసిన స్టార్‌డ్యూ వ్యాలీ అనే గేమ్ 2016లో విడుదలై 4 కోట్ల కాపీలు దాటింది. అయితే ఆ రోజుల్లో ఆయన ఒక థియేటర్లో ప్రేక్షకులకు సీట్లు చూపించే పార్ట్‌టైమ్ పని చేసేవాడు. ఇల్లు గడవడానికి భాగస్వామి సంపాదన తోడుండేది. ఈ సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు.

మీ ఉత్తరంలో ప్రచారం ఊసే లేదు. 2024లో పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ ఒక్కదాంట్లోనే 18 వేలకు పైగా గేమ్‌లు విడుదలయ్యాయి, అంటే రోజుకు దాదాపు 50. మన ఫిషింగ్ హార్బర్‌లో ఉన్న డబ్బంతా బోటుకే పోసి, డీజిల్‌కి రూపాయి లేకుండా వేటకి బయల్దేరేవాళ్లను చూశారా?

లెక్క వేద్దాం. ఇద్దరికీ తలా నెలకు 30 వేలు అనుకుంటే 24 నెలలకు 14 లక్షల 40 వేలు. బొమ్మలు, సంగీతం, ట్రైలర్ బయట చేయిస్తే 3 లక్షలు, ప్రచారానికి మరో 3 లక్షలు. మొత్తం 20 లక్షల 40 వేలు. నాన్నగారి డబ్బు కలిపినా మీ దగ్గరున్నది 16 లక్షలే! ఇక రాబడి. 10 డాలర్ల గేమ్‌లో స్టీమ్ 30 శాతం తీసుకుంటుంది. రెండు గంటల్లోపు ఆడి, 14 రోజుల్లోపు అడిగితే డబ్బు వాపసు ఇచ్చేస్తుంది. డిస్కౌంట్లు, దేశాన్ని బట్టి తగ్గే ధరలు, పన్నులు కూడా పోగా కాపీకి 350 రూపాయలు మిగిలితే గొప్ప. దాదాపు 5,800 కాపీలు అమ్మితే పెట్టుబడి తిరిగొస్తుంది. అంతే, లాభం కాదు.

కాబట్టి ఇప్పుడే రాజీనామా వద్దు. 100 డాలర్లు కట్టి స్టీమ్‌లో పేజీ తెరవండి. అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే ఆ ఫీజు తిరిగొస్తుంది. చిన్న డెమో పెట్టి, రాబోయే గేమ్‌ల డెమోలతో స్టీమ్ జరిపే నెక్స్ట్ ఫెస్ట్‌కి పంపండి. ఒక గేమ్‌కి ఒక్కసారే అవకాశం కనుక డెమో పక్కాగా ఉన్నప్పుడే పంపాలి. తర్వాత కొనాలనుకునేవాళ్లు గేమ్‌ని గుర్తుపెట్టుకునే విష్‌లిస్ట్‌లో మీ గేమ్‌ని ఎంతమంది చేర్చుకున్నారో చూడండి. ఐదారు వేలు దాటితే ఉద్యోగం మానే మాట మళ్లీ మాట్లాడుకుందాం. వందల్లోనే ఆగిపోతే ఈ గేమ్‌ని పక్కనపెట్టి ఇంకో చిన్నది మొదలుపెట్టండి, జీతం వస్తూనే ఉంటుంది.

ఈలోగా మీ కంపెనీ ఒప్పందం చదవండి. ఖాళీ సమయంలో చేసిన పని కూడా తమదే అనే షరతు కొన్నింటిలో ఉంటుంది. స్నేహితుడితో వాటాలు కాగితం మీద రాసుకోండి, మొహమాటపడొద్దు. స్టీమ్ అడిగే అమెరికా పన్ను వివరాలు సరిగ్గా నింపండి. లేదంటే అక్కడి అమ్మకాల మీద 30 శాతం కోత పడుతుంది.

నాన్నగారి డిపాజిట్ మాత్రం కదపొద్దు. ఆ వయసులో పోయిన 10 లక్షలు మళ్లీ కూడబెట్టడం ఆయన వల్ల కాదు. మీకు సాయం చేయాలని ఆయనకంత ఉంటే, మీరు ఉద్యోగం మానే రోజున గాజువాక ఇంట్లో మీ పాత గది ఇమ్మనండి. మధురవాడ అద్దె ఎంతో మీరు రాయలేదుగానీ, రెండేళ్లది కలిపితే చిన్న మొత్తమేం కాదు.