కింది సిలిండర్‌లోకి నీళ్లు: బ్లాక్ మీద నింద వేసే ముందు

మీరు రాసింది ఇదీ: పడవ వెనక తగిలించే 15 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు, రెండు సిలిండర్లు. కింది స్పార్క్ ప్లగ్ విప్పితే నీటి చుక్కలు. హెడ్ ప్యాకింగ్ (సిలిండర్ల మూతకీ బ్లాక్‌కీ మధ్య ఉండే పొర) మార్చినా పది రోజులకి మళ్లీ అదే కథ. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నలిగే ఒత్తిడి) మాత్రం పైదీ కిందిదీ 110 పీఎస్ఐ దగ్గరే ఉంది. దాంతో మెకానిక్ బ్లాక్ (సిలిండర్లున్న లోహపు దిమ్మ) పగిలిందంటున్నాడు.

బ్లాక్ మాట అప్పుడే ఎత్తకండి. ఉప్పాడ ఒడ్డున మా ఫైబర్ పడవ మోటారుకి అచ్చం ఇలాగే అయింది. రెండు హెడ్ ప్యాకింగులు, ఒక సెట్టు రింగులు మార్చి, వేటకెళ్లే రోజులు పోగొట్టుకున్నాక తెలిసింది, తప్పు హెడ్‌ది కాదని.

ముందు మోటారుని బతికించుకోండి. ప్లగ్గులు బిగించి ఉండగా తాడు లాగొద్దు. నీరు గాలిలా నలగదు, బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. రెండు ప్లగ్గులూ తీసి, వాటి తీగల్ని బాడీకి ఆనించి కట్టేయండి. రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, అక్కడ నిప్పురవ్వ పడకూడదు. మెల్లగా తాడు లాగుతూ నీళ్లన్నీ కక్కించి, రెండింట్లోనూ కాస్త టూ-టీ ఆయిల్ పోసి తిప్పండి. వీలైతే ఆ రోజే స్టార్ట్ చేసి కాసేపు నడపండి. ఉప్పునీళ్లు లోపలే ఉండిపోతే క్రాంక్ బేరింగులు తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు అక్కర్లేదు.

ఇక అసలు ప్రశ్న: నీళ్లు మోటారు తిరుగుతుండగా వస్తున్నాయా, ఆపాక వస్తున్నాయా? నేను మొదట అడగాల్సింది ఇదే, అడగలేదు. మంచినీళ్ల డ్రమ్ములో, ఫ్యానుకి (ప్రొపెల్లర్‌కి) పైన అడ్డంగా ఉన్న పలక మునిగేదాకా నీళ్లు పెట్టి పది నిమిషాలు నడపండి. ఆపిన వెంటనే, మోటారు వంచకుండా, ప్లగ్గులు తీసి చూడండి. తడి కనిపిస్తే లోపల లీకు ఉన్నట్టే, కింద చెప్పేవి చదవండి. పొడిగా ఉండి, మీరు ఇంటికి తీసుకెళ్లాకే తడి కనిపిస్తుంటే మాత్రం తప్పు మోయడంలో ఉండొచ్చు. మా దగ్గర వేట నుంచి రాగానే మోటారు విప్పి భుజానేసుకుని పోతారు కదా. ఫ్యాను వైపు ఎత్తుగా, హెడ్ వైపు కిందికి వాలితే, మోటారు కాలిలో (ఫ్యాను ఉండే కింది భాగంలో) మిగిలిన నీళ్లు ఎగ్జాస్ట్ (పొగ బయటికెళ్లే) దారినే వెనక్కి సిలిండర్‌లోకి దిగుతాయి. మా చిన్నాన్న మోటారు రోగం అదే, పైసా ఖర్చు లేకుండా పోయింది. ఒడ్డు దగ్గర కెరటాల్లో మోటారు ఆపేసినా అంతే, వెనకనుంచి వచ్చే కెరటం ఎగ్జాస్ట్‌లోకి నీటిని తోస్తుంది.

పెట్రోలు సంగతి కూడా తేల్చుకోండి. ట్యాంకు అడుగు నుంచి ఒక గాజు సీసాలోకి తీసి అరగంట కదపకుండా పెట్టండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది కొంత నీటిని తనలో కలుపుకుంటుంది, మోతాదు మించాక నీరూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. సీసాలో గీత గీసినట్టు రెండు పొరలు కనిపిస్తాయి. కానీ మీకు ఒకే సిలిండర్ తడుస్తోంది. ఒకే కార్బరేటర్ ఉన్న మోటారైతే పెట్రోలులోని నీళ్లు రెండు ప్లగ్గుల్లోనూ కనబడాలి. అందుకే నా అనుమానం అటు లేదు.

ప్లగ్ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ తల చూడండి. పైది నల్లగా మసి పట్టి ఉంటుంది. మా మోటారులో కిందిది బూడిదతో తోమిన సత్తు గిన్నెలా మెరిసిపోయేది. నడుస్తుండగా నీళ్లు పడుతుంటే ఆవిరై మసినంతా కడిగేస్తాయి. ఆ మెరుపు చూసి సంబరపడకూడదని అప్పుడు నాకు తెలియదు, కొత్త రింగుల మహిమ అనుకున్నాను!

కంప్రెషన్ బాగున్నా నీళ్లెలా వస్తాయంటారా? టూ స్ట్రోక్‌లో పిస్టన్ పైకెళ్లి ఎగ్జాస్ట్ రంధ్రాన్ని మూసేశాకే గేజిలో ఒత్తిడి పెరుగుతుంది. ఎగ్జాస్ట్ గదిలో చిల్లు ఉంటే ఆ గేజికి తెలిసే దారి లేదు. పిస్టన్ దిగి రంధ్రం తెరుచుకున్నప్పుడు గదిలో చేరిన నీళ్లు సిలిండర్‌లోకి జారుకుంటాయి. పవర్‌హెడ్ (మోటారు పైనున్న ఇంజిన్ భాగం) పక్కన వరసగా చిన్న బోల్టులున్న కవర్ ఉంటుంది, అదే ఎగ్జాస్ట్ కవర్. దాని వెనక ఒక పలచటి అల్యూమినియం ప్లేటు, రెండు ప్యాకింగులు. ప్లేటుకి ఒక పక్క చల్లబరిచే నీళ్లు, రెండో పక్క మండే పొగ. మా ప్లేటుకి కింది మూల ఉప్పు తినేసి గుండుసూది దూరేంత చిల్లు పడింది. ఎండకి ఎదురుగా పట్టుకుంటే వెలుగు చుక్కలా కనబడింది.

విప్పకముందే పట్టుకోవాలంటే గాలి పెట్టి చూడాలి. నీటి గొట్టం మూతినీ నీళ్లు బయటికొచ్చే దారుల్నీ రబ్బరుతో బిగించి, ఒకచోట సైకిల్ ట్యూబు వాల్వు అమర్చి 10 పీఎస్ఐ దాకా కొట్టండి, 15 దాటనివ్వొద్దు. ఒత్తిడి నిలవకపోతే అన్ని అతుకుల మీదా సబ్బు నురగ రాయండి. బయట ఎక్కడా బుడగ రాకుండా, ప్లగ్ రంధ్రంలోనో ఎగ్జాస్ట్ దారిలోనో చెవి పెడితే సన్నగా సుయ్‌మంటుంటే లీకు లోపలే. ఇది చేశాక హెడ్ విప్పాలా, కవర్ విప్పాలా అన్నది నిర్ణయించుకోండి.

కవర్ బోల్టుల దగ్గర తొందరపడితే ఏడుపే. అల్యూమినియంలో స్టీలు బోల్టు ఉప్పుతో పట్టేస్తుంది. నేను రెండు విరగ్గొట్టాను, లేత్ షాపులో ఒక రోజు పోయింది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి, పొద్దున చుట్టూ వేడి చేసి, కాస్త బిగిస్తూ కాస్త వదులు చేస్తూ తీయండి. తిరిగి బిగించేటప్పుడు మధ్యనుంచి అంచులకి, రెండు విడతల్లో, మీ మోటారు పుస్తకంలో ఉన్న టార్క్ (బిగింపు బలం) ప్రకారం. పాత ప్యాకింగ్ బాగానే ఉంది కదా అని మళ్లీ వేయొద్దు.

హెడ్ విప్పాల్సే వస్తే, పాత ప్యాకింగ్ మీద సిలిండర్ నుంచి నీటి దారి వైపు నల్లటి చార ఉందేమో చూడండి. హెడ్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి ఆకుల కట్ట) పెట్టండి. 0.1 మిల్లీమీటరు ఆకు ఎక్కడైనా దూరితే వంకర పోయినట్టే. వంకర పోయిందంటే ఎప్పుడో వేడెక్కింది, ఇంపెల్లరూ (నీటి పంపులోని రబ్బరు చక్రం) థర్మోస్టాటూ (వేడిని బట్టి నీటి దారి తెరిచే వాల్వు) చూడకుండా మూసేస్తే మళ్లీ పది రోజులే.

డ్రమ్ములో నడిపాక కింది ప్లగ్ ఎలా ఉందో రాయండి. కవర్ విప్పితే లోపలి ప్లేటు ఫోటో రెండు వైపులా తీసి పెట్టండి, మసి తుడవకుండా.